సెలవు రోజున చూపించిన ఇల్లు

ఇళ్ల బ్రోకరుగా సొంతంగా దిగిన రోజున అతని చేతిలో ఉన్నవి ఇవే: ఇరవై ఎనిమిది ఖాళీ ఫ్లాట్ల తాళాలు, నాలుగు కిక్కులు కొడితే గానీ కదలని స్కూటర్, బాబాయ్ చెప్పిన ఒకే ఒక్క సూత్రం.

"ఇంటికి ధర కాదురా, వేళ ముఖ్యం," అనేవాడు బాబాయ్. ముప్పై ఏళ్లుగా ఆ వ్యాపారంలో తలపండిన మనిషి. "పడమటి ఇల్లు పొద్దున చూపించు. రోడ్డు మీది ఇల్లు ఆదివారం చూపించు. అబద్ధం ఒక్కటి కూడా ఆడొద్దు. నీ బదులు వేళే మాట్లాడుతుంది."

ఊరి చివర కొత్త రోడ్డు పడ్డాక ఆ సూత్రానికి గిరాకీ పెరిగింది. నాలుగు రాళ్లు వెనకేస్తే బంగారం కొనుక్కునే మనుషులు ఇప్పుడు ఫ్లాట్లు కొంటున్నారు. అదీ గోడ లేవకముందే. ఒకప్పుడు కొనేవాడు ఇంటి చుట్టూ మూడుసార్లు తిరిగి చూసుకునేవాడు. ఇప్పుడు ఫోన్‌లో మూడుసార్లు వేలు జరిపి సరే అంటున్నాడు.

అలా వేలు జరిపే యాప్ ఒకదాని తరఫునే ఆ అమ్మాయి వచ్చింది.

అప్పుడతను మూడో అంతస్తులో ఒక జంటకు హాలు చూపిస్తున్నాడు. "పన్నెండొందల అడుగులు సార్. పిల్లలు ఇంట్లోనే సైకిల్ తొక్కుకోవచ్చు!"

వెనక టిక్కుమని చిన్న చప్పుడు. ఎదుటి గోడ మీద ఎర్ర చుక్క.

"తొమ్మిదొందల నలభై రెండు," అంది ఒక గొంతు.

తిరిగి చూశాడు. భుజాన మూడు కాళ్ల స్టాండు, అరచేతిలో ఇమిడిపోయే, లేజరుతో దూరం కొలిచే డబ్బా, పెన్ను గుచ్చి ముడేసుకున్న జుట్టు.

"ఎవరండీ మీరు?"

"ఓనర్‌గారు పంపారు. యాప్‌లో పెట్టడానికి కొలతలు తీసుకుంటున్నా."

"గోడలు, మెట్లు, లిఫ్టు కలిపితే పన్నెండొందలు మేడమ్."

"మరి పిల్లలు సైకిల్ లిఫ్టులో తొక్కుతారా?"

జంట పగలబడి నవ్వి, మళ్లీ వస్తామని చెప్పి వెళ్లిపోయింది. ఈ వ్యాపారంలో ఆ మాటకు అర్థం అతనికి తెలుసు. ఒళ్లు మండాల్సింది. కానీ చూపు ఆ డబ్బా మీదే ఆగిపోయింది.

"అది అబద్ధం చెప్పదా?"

"దానికి కమీషన్ రాదుగా."

"ఒకసారి ఇలా ఇస్తారా?"

తలుపును కొలిచాడు, కిటికీని కొలిచాడు. బాల్కనీలోకి వెళ్లి ఆకాశానికి గురిపెడితే డబ్బా తెల్లమొహం వేసింది.

"వెలుగు తగిలి వెనక్కి రావడానికి ఏదో ఒకటి ఎదురుగా ఉండాలి," అందామె.

చుక్కను మెల్లగా ఆమె చెప్పుల మీదికి జరిపాడు. "రెండు మీటర్ల ముప్పై."

"బావుంది. ఆ దూరంలోనే ఉండండి!"

ఆ రోజు నుంచి ఆమె అతనికి ఎర్రచుక్క. అతను ఆమెకు పన్నెండొందలు.

తన దగ్గర తాళాలున్న ఇళ్లన్నీ ఆమెకు తెరిచి చూపించడానికి అతను ఒప్పుకున్నాడు. బాబాయ్ నెత్తీనోరూ బాదుకున్నాడు.

"మన పీకకి మనమే ఉరితాడు పేనుకోవడంరా ఇది! ఆ ఫోన్లో ఇళ్లు కనబడితే ఇక మన మొహం ఎవడు చూస్తాడు?"

"ఎలా పనిచేస్తుందో తెలియాలిగా బాబాయ్. తెలియని సరుకుతో పోటీ ఎలా పడతాం?"

చెప్పుకోవడానికి కారణం అది. సగం నిజం కూడా. మిగతా సగం ఏమిటంటే, "ఏం పన్నెండొందలూ, తాళం తెచ్చారా?" అని ఆమె మెట్ల కింద నుంచి కేక వేస్తే వినడానికి బాగుండేది.

ఆరు వారాల్లో పంతొమ్మిది ఇళ్లు అయ్యాయి. ఇరవయ్యో ఇల్లు ఇనుప గేట్లు తయారుచేసే వెల్డింగ్ షెడ్డుకు సరిగ్గా వెనకాల ఉంది. ఆ షెడ్డుకు బుధవారం సెలవు.

"ఎప్పుడు రమ్మంటారు?" అని ఆమె అడిగితే, "బుధవారం," అన్నాడు. ఆలోచించలేదు. ఏళ్ల అలవాటు నోట్లోంచి దానంతటదే ఊడిపడింది.

బుధవారం ఆమె ఆ పడకగది కిటికీ తెరిచి కళ్లు మూసుకుంది. "ఎంత ప్రశాంతంగా ఉందో! ఇలాంటి ఇల్లు ఇంతవరకూ చూపించలేదేం?"

అతను నోరు తెరిచాడు. ఆమె మొహం చూసి మూసేశాడు.

ప్రశాంతమైన ఇల్లు అని రాసి ఆమె యాప్‌లో పెట్టింది. నాలుగో రోజున గంతులేస్తూ వచ్చింది. "పన్నెండొందలూ! నా మొదటి ఇల్లు అమ్ముడుపోతోంది! రిటైరైన నర్సమ్మగారు, వేరే ఊళ్లో ఉంటారు. ముప్పై నాలుగేళ్లు నైట్ డ్యూటీలు చేశారట. ఇప్పటికీ పగలే నిద్రపోతారట. నిశ్శబ్దంగా ఉండే ఇల్లు కావాలని దాచుకున్నదంతా తెచ్చి పెడుతున్నారు. సోమవారం మధ్యాహ్నం అడ్వాన్స్ పంపుతారు!"

అతను తిన్నగా బాబాయ్ దగ్గరికి వెళ్లాడు.

విషయం చెబితే బాబాయ్ మొహం చేటంతయింది. "నోరెత్తకు! అబద్ధం నువ్వాడావా? లేదు. కమీషన్ నీకొస్తుంది, చెడ్డపేరు ఆ యాప్‌కి పోతుంది. రేపు అందరూ మళ్లీ మన గుమ్మమే తొక్కుతారు."

అతను లెక్క వేసుకున్నాడు. చెప్పకపోతే కమీషన్ మిగులుతుంది. కానీ నర్సమ్మ చేరిన మర్నాడే అసలు సంగతి బయటపడి, ఎర్రచుక్క ఉద్యోగం పోతుంది. చెబితే కమీషన్ పోతుంది, తెలిసే దాచాడని ఆమె మొహం చాటేస్తుంది. ఎటు కూడినా ఆమె మిగలడం లేదు. అలాంటప్పుడు కనీసం ఆ నర్సమ్మ నిద్రయినా మిగలాలి.

సోమవారం పొద్దున పదింటికి ఆమెను ఆ పడకగదికి తీసుకెళ్లి కిటికీ తెరిచాడు. గ్రైండర్ కీచుమంది. ఇనుము మీద సుత్తి పడుతుంటే కిటికీ అద్దాలు వణికాయి.

ఆమె కిటికీలోంచి షెడ్డు వైపు తొంగిచూసి, అతని వైపు తిరిగింది.

"ఇది మీకు తెలుసా?"

"తెలుసు."

"బుధవారం సెలవని కూడా?"

"తెలుసు."

"కావాలనే పిలిచారా?"

"పిలిచింది అలవాటుకొద్దీ. తర్వాత నోరు మూసుకున్నది మాత్రం కావాలనే."

"అబద్ధమైతే ఆడలేదుగా! హాయిగా నిద్రపోండి."

అక్కడి నుంచే నర్సమ్మకు ఫోన్ చేసి, ఫోన్‌ను కిటికీలోంచి బయటికి పట్టుకుంది.

"ఇది ఇల్లా, కొలిమా?" స్పీకర్లో నర్సమ్మ గొంతు ఖంగుమంది. "ఇప్పటికైనా ఎవరు చెప్పారమ్మా నీకు?"

"తాళాలున్న బ్రోకరండీ."

"బ్రోకరా? చేతికొచ్చే కమీషన్ వదులుకునా? ఏదీ, ఇవ్వు అతనికి." అతను భయం భయంగా ఫోన్ అందుకున్నాడు. "బాబూ, నువ్వు ఈ వ్యాపారానికి బొత్తిగా పనికిరావు. నాకు ఇల్లు నువ్వే చూసిపెట్టు."

ఎర్రచుక్క మాత్రం ఫోన్ లాక్కుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

పది రోజులు రాలేదు. పదకొండో రోజున అతను ఆమెకు ఒక కాగితం పంపాడు. ఇరవై ఎనిమిది ఇళ్లు, ఏ ఇల్లు ఏ వేళలో ఎందుకు బాగుండదో అందులో ఉంది. బాబాయ్ ముప్పై ఏళ్ల విద్యంతా తలకిందులు చేసి రాశాడు.

మర్నాడే మెట్ల కింద కేక వినబడింది. "ఏం పన్నెండొందలూ!"

కాగితం చేత్తో ఊపుతూ పైకొచ్చింది. "మా ఆఫీసులో చూపించా. ఇకనుంచి ప్రతి ఇంటినీ మూడు వేళల్లో రికార్డు చేస్తాం. ఎండ, నీళ్లు, ఒక నిమిషం చప్పుడు. వేళలు తెలిసిన మనిషి కావాలన్నారు. జీతమిస్తారట."

"కోపం పోయిందా?"

"లేదు. పనిలో పెట్టుకున్నా."

జంటలు చల్లని చోట్లు వెతుక్కుంటాయి. వీళ్లు ఊళ్లోని ఇళ్లన్నిటికీ అవి అతి చెడ్డగా ఉండే గంటలో వెళ్లేవారు. పడమటి ఇంట్లో మధ్యాహ్నం మూడింటికి చెమటలు కక్కారు. జోరున వాన పడిన రోజు పై అంతస్తులో హాలు మధ్య ఒకే గొడుగు కింద నిలబడ్డారు.

"ఇంట్లో గొడుగేసుకోవడం ఇదే మొదటిసారి," అందామె.

"చుక్కలు ఎన్ని చోట్ల పడుతున్నాయో లెక్కపెట్టండి మరి."

"ఏడు."

"ఎనిమిది. మీ ముక్కు మీదొకటి పడింది."

ఆమె ముక్కు తుడుచుకుంటూ అటు తిరిగింది. నవ్వు దాచుకోవడానికని అతనికి అర్థమైంది.

చివరికి వెల్డింగ్ షెడ్డు ఇంటి వంతు వచ్చింది. పడకగదిలో స్టాండు మీద ఫోన్ పెట్టి, రికార్డు నొక్కి, నీళ్లు చూడటానికి ఆమె వంటింట్లోకి వెళ్లింది. సుత్తులు మోగుతున్నాయి. ఈ రణగొణలో ఎవరికీ వినబడదని అతనికి ధైర్యం వచ్చింది. మనసులో ఉన్నది ఒకసారి పైకి అనుకుని చూసుకున్నాడు. నిలబడింది సరిగ్గా ఫోన్ పక్కనే.

మూడో రోజు పొద్దున ఇద్దరూ ఒక ఇంటి మెట్ల మీద కూర్చుని ఉండగా ఆమె ఫోన్ మోగింది.

"అమ్మాయీ, ఆ కొలిమి ఇల్లు మళ్లీ పెట్టారుగా, చప్పుడు విన్నావా?" నర్సమ్మ గొంతు.

"నేను వినలేదండీ. పని తొందరలో అలాగే పెట్టేశా."

"విను. సుత్తిని వదిలేసి మనిషి మాట విను. విన్నాక నాకు ఫోన్ చెయ్యి. నిద్ర మానుకుని కూర్చున్నా!"

ఆమె నొక్కింది. ఠంగు ఠంగుమనే దెబ్బల మధ్యలో అతని గొంతు స్పష్టంగా వచ్చింది: "నువ్వు రాని పది రోజులూ ఒక్క తలుపూ తెరవబుద్ధి కాలేదు. నువ్వంటే నాకిష్టం. పెళ్లి చేసుకుందామా? ఇక్కడైతే నీకు వినబడదని అడుగుతున్నా."

అతనికి మెట్లలో దూరిపోవాలనిపించింది. "ఎంతమంది విన్నారు?"

"నూట నలభై మంది."

"తీసెయ్యండి, ప్లీజ్!"

"ఎందుకు? ఆ ఇంట్లో నిజంగా వినబడిందే కదా." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "మా నాన్న ముందు ఇదే మాట మామూలు గొంతుతో అడగగలవా?"

మీరు పోయి నువ్వు వచ్చిందని అతనికి ఒక క్షణం ఆలస్యంగా తట్టింది. "కాళ్లు వణుకుతాయి."

"వణకనీ. నేను పక్కనే ఉంటాగా."

ఆ ఇల్లు ఎవరు కొంటారని ఆమె దిగులుపడితే, "చప్పుడు చేసేవాడే కొంటాడు," అన్నాడతను. అలాగే షెడ్డు యజమానే కొన్నాడు. నర్సమ్మకు బండ్లు రాని సందు చివర ఒక ఇల్లు దొరికింది. ఎర్రచుక్క వాళ్ల నాన్న ఆ రికార్డు రెండుసార్లు విని, "ఇంత చప్పుడులోనూ తడబడలేదు, పర్లేదు," అన్నారు. యాప్‌లో జీతానికి చేరాడని నెల రోజులు అలిగిన బాబాయ్, ఆ మాట విన్నాక ముహూర్తం మాట్లాడటానికి తనే పెద్దమనిషిగా బయల్దేరాడు.

నిశ్చయమైన సాయంత్రం అతను లెక్క చూసుకున్నాడు. రెండు ఇళ్ల కమీషన్లు వచ్చాయి, నెలనెలా జీతం వచ్చింది, పొరపాటున పగలు ఫోన్ చేస్తే తిట్టే నర్సమ్మ ఒకావిడ వచ్చింది, పర్లేదన్న ఒక్క మాటతో సరిపెట్టే మామగారు వచ్చారు. ఇవన్నీ కూడి పక్కన పెట్టాడు. అసలు లాభం బాల్కనీలో అతని భుజానికి ఆనుకుని కూర్చుని, ఇంకా ఏం కూడుతున్నావని అడుగుతోంది.