పదికి పదకొండు

"నాన్నా, ఎర్రదే! ఇంకొక్కసారి తిప్పమనవా!"

అప్పుడే ఎర్ర పడవ దిగిన చిటికె జుట్టులోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. మొహం మాత్రం వెలిగిపోతోంది.

సరస్సు పక్కన పడవల కొట్టు. దాని ముందు చెక్క రేవుకి రెండు చిన్న మోటారు పడవలు కట్టి ఉన్నాయి. ఎర్రది బాణంలా దూసుకుపోతుంది. పచ్చది వెడల్పుగా, ముందువైపు చిన్న తలుపుతో ఉండి, నింపాదిగా వెళ్తుంది.

"దీంట్లో వెళ్తే వెనకనించి బాతులు హారన్ కొడతాయి," అన్నాడు నాన్న.

ఆదివారాలు అందరూ కలిసి షికారు వెళ్లడానికి రెండిట్లో ఒకటి కొనాలి. వాళ్లింట్లో మిక్సీ కొన్నా, పరుపు కొన్నా మార్కులతోనే పని. నలుగురూ పదికి ఇన్నని వేస్తారు. ఎక్కువ వచ్చిందే ఇంటికొస్తుంది. మార్కుల పుస్తకం చిటికె చేతిలో ఉంటుంది. ఏ పనైనా చిటికెలో ముగిస్తుందని ఆ పిల్లకా పేరు. సరిగ్గా ముగిస్తుందని మాత్రం ఎవరూ అనలేదు.

అమ్మా నాన్నా మార్కులు చెప్పేశారు. చిటికె ఎర్రదానికి పది వేసుకుంది. ఇక మిగిలింది నాయనమ్మ. ఆవిడ రేవులో బెంచీ మీద కూర్చుని ఉంది.

"నువ్వెన్ని వేస్తావు నాయనమ్మా?"

"ఎక్కితే కదే వేయడానికి! ఆ ఎర్రదాని అంచు నా నడుమంత ఎత్తుంది. మోకాళ్లు ససేమిరా అంటున్నాయి. నీ ఇష్టం, ఏదో ఒకటి రాసుకో."

రాసుకోమంది కదా! ఎర్రదానికి పది, పచ్చదానికి మూడు. చిటికెలో అయిపోయింది.

"ఎర్రది ముప్ఫై నాలుగు, పచ్చది ఇరవై!"

అమ్మ పుస్తకంలోకి తొంగిచూసింది. "అత్తయ్యకి స్పీడంటే ఇంత మోజని నాకు తెలీనే తెలీదు!"

కొట్టాయన నాలుగు లైఫ్ జాకెట్లు పట్టుకొచ్చాడు. నాయనమ్మ ఒకటి తిరిగి ఇచ్చేసింది.

"మూడు చాలు బాబూ. నేను గట్టున కూర్చుని సంచులకి కాపలా కాస్తాను."

అప్పుడు చూసింది చిటికె, నాయనమ్మ ఒళ్లో ఉన్న కొత్త టోపీని. గాలికి ఎగిరిపోకుండా దానికి నాడా కూడా కుట్టుకుంది. పడవ షికారు అన్న రోజునించీ అద్దం ముందు పెట్టుకుని మురిసిపోతూనే ఉంది.

ఇక ప్రతి ఆదివారమూ ఆ టోపీ గట్టు మీదేనా?

కొట్టాయన బిల్లు పుస్తకం తెరిచాడు.

"ఆగండి!" అంది చిటికె. "నాయనమ్మ మార్కులు నాయనమ్మ వేయలేదు. నేనే వేసేశాను."

"అదీ సంగతి!" అంది అమ్మ.

చిటికె పదినీ కొట్టేసింది, మూడునీ కొట్టేసింది. పరుగెత్తుకెళ్లి పచ్చ పడవ ముందున్న గడియ లాగింది. చిన్న తలుపు వంతెనలా రేవు మీదకి వాలింది.

"రా నాయనమ్మా! కాలు ఎత్తక్కర్లేదు."

నాయనమ్మ లేచింది. హాల్లోంచి వంటింట్లోకి వెళ్లినట్టు తాపీగా పడవలోకి నడిచింది. జాకెట్ వేసుకుంది, టోపీ నాడా ముడేసింది. ముగ్గురూ వెనకే ఎక్కారు. కొట్టాయన మోటారు స్టార్ట్ చేసి, "పట్టుకుంటారా?" అని స్టీరింగ్ చూపించాడు.

పట్టుకోకేం! సరస్సు మధ్యకి వెళ్లేసరికి నాయనమ్మ చిన్నపిల్లలా కేకలు పెడుతోంది. "దీనికింతేనా స్పీడు? ఇంకాస్త తొక్కడానికేం లేదా?" టోపీ అంచు గాలికి రెపరెపలాడుతోంది. బాతులు ఎక్కడో వెనకబడ్డాయి. నాన్న వాటికి చెయ్యూపాడు.

రేవుకి తిరిగొచ్చాక చిటికె పెన్సిలు నాయనమ్మ చేతిలో పెట్టింది. "నువ్వే వెయ్యి. నేను చూడను."

ఎర్రదానికి నాయనమ్మ సున్నా చుట్టింది. పచ్చదాని దగ్గర పదకొండు వేసింది.

"అమ్మా, పదికే కదా!" అన్నాడు నాన్న.

"ఇన్నాళ్లూ మీ ఇష్టం, మీ ఇష్టం అంటూ దాచుకున్న మార్కులు నా దగ్గర బోలెడున్నాయిరా," అంది నాయనమ్మ.

ఎర్రది ఇరవై నాలుగు, పచ్చది ఇరవై ఎనిమిది!

గెలిచిన అంకె చుట్టూ చిటికె పెద్ద గీత గీసింది. తర్వాత కొత్త పేజీ తిప్పి, నలుగురికీ నాలుగు వరసలు గీసింది. మొదటి వరసలో 'నాయనమ్మ' అని రాసి, పెన్సిలు మళ్లీ ఆవిడ చేతికే ఇచ్చింది.

"వచ్చేవారం కర్టెన్లు కొనాలటగా. ఇది నీ దగ్గరే ఉంచు."