ఆమెన్ దగ్గర తేడా

ఉంగుటూరులో ఆ స్కూలు కరస్పాండెంటు సుబ్బారావుగారికి మతసామరస్యమంటే చాలా ఇష్టం. దాని గురించి తెలుసుకోవాలని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు. ఐదో తరగతి పిల్లలకి అన్ని మతాల గురించీ చెప్పించాలనుకుని, క్రైస్తవాన్ని ఇద్దరు టీచర్లకి కలిపి ఇచ్చేశారు. ఇంగ్లీషు చెప్పే హెప్సిబా లూథరన్, అంటే ప్రొటెస్టెంటు. లెక్కలు చెప్పే శౌరికిరణ్ క్యాథలిక్.

“రెండూ ఒకటే కదండీ, సర్దుకోండి,” అన్నారు.

మొదటి పీరియడ్‌లో కొంతదాకా సర్దుకున్నారు. యేసు నేర్పిన ప్రభువు ప్రార్థనలో, కీడు నుంచి తప్పించమనే దాకా ఇద్దరూ కలిసే చదివారు. అక్కడ శౌరి ‘ఆమెన్’ అని, సిలువ గుర్తు వేసుకుని కూర్చున్నాడు. హెప్సిబా ‘రాజ్యము, బలము, మహిమ’ అంటూ ఒంటరిగా ముందుకెళ్లింది.

“ప్రార్థన మధ్యలో కూర్చున్నారేంటండీ?”

“అయిపోయాకే కూర్చున్నానండీ. మీరే అదనంగా చదివారు.”

“దేవుడికి మహిమ అదనమా?”

పిల్లల్లోంచి ఇందు చెయ్యెత్తింది. “టీచర్, పరీక్షకి ఎక్కడిదాకా?”

ఆ జవాబు కోసం ఇద్దరూ రోజూ స్టాఫ్‌రూంలో కూర్చోవలసి వచ్చింది. చార్టులో రెండు వరుసలు గీశారు. ఇటు శౌరి వైపు జపమాల, మరియమాత పండుగలు, డెబ్బై మూడు పుస్తకాల బైబిలు. అటు హెప్సిబా వైపు సండే స్కూలు, కంఠత వాక్యాలు, అరవై ఆరు పుస్తకాలు. ఏది రాసినా మార్కు వెయ్యాలని తేల్చడానికి మూడు వారాలు పట్టింది. పది నిమిషాల పనే గానీ, ఇద్దరికీ తొందర లేదు.

పిల్లలకి కొల్లేరు పక్షుల్ని చూపించబోయిన రోజు వాన మొదలైంది. పక్షులు తెలివైనవి, ఒక్కటీ కనబడలేదు. ఇద్దరికీ ఒకటే గొడుగు.

“మీరు పట్టుకోండి, నేను తడుస్తాను.”

“త్యాగాలొద్దండీ. మీకు జ్వరమొస్తే లెక్కలు కూడా నేనే చెప్పాలి.”

“నాకు మీరంటే ఇష్టమండీ.”

“చార్టులో ఏ వరుసలో రాయమంటారు?” అంటూ గొడుగు అతని వైపు జరిపింది.

తాడేపల్లిగూడెంలో ఆమె తండ్రి రాజరత్నంగారు లూథరన్ చర్చిలో సంఘపెద్ద. పెళ్లి విషయం వినగానే, “ప్రభువు ప్రార్థనే చివరిదాకా చెప్పలేనివాడు సంసారం చివరిదాకా చేస్తాడా?” అని తేల్చేశారు.

“నాన్నగారు కాదంటే చేసుకోలేనండీ,” అని హెప్సిబా ఏడ్చింది. శౌరికి ఆ రాత్రి అన్నం సహించలేదు.

స్కూలు వార్షికోత్సవంలో పిల్లల చార్టు చూడమని ఆమె తండ్రిని బతిమాలి తీసుకొచ్చింది. చివర ప్రార్థన. టీచర్లిద్దరూ పిల్లల ముందు నిలబడ్డారు.

కీడు దాకా కలిసే చదివారు. ఆ తర్వాత శౌరి కళ్లు గట్టిగా మూసుకుని, ఆమె కోసం నేర్చుకున్న ‘రాజ్యము, బలము, మహిమ’ అందుకున్నాడు. పక్కన గొంతు వినబడలేదు. కళ్లు తెరిచి చూశాడు. ఆమె అతని కోసం అప్పటికే ‘ఆమెన్’ అనేసి, వంకరటింకరగా సిలువ గుర్తు వేసుకుంటోంది.

రాజరత్నంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు.

“వీడు ఆపడం మానేశాడు. ఇది ఆపడం నేర్చుకుంది. ఇద్దరూ చెడిపోయారు. వేరేవాళ్లకి కట్టబెట్టి వాళ్లనెందుకు చెడగొట్టడం? చేసుకోండి.”

హెప్సిబా ఏడుస్తూనే నవ్వింది. శౌరి సంతోషం పట్టలేక మళ్లీ ‘ఆమెన్’ అన్నాడు.

సుబ్బారావుగారు మైకు అందుకున్నారు. “నేను మొదటే చెప్పాను కదండీ, రెండూ ఒకటేనని!”

“ఒకటి కాదండీ సార్!” అని ఐదో తరగతి మొత్తం అరిచింది.