చాకులో ఇరవై మూడు పేర్లు

“పద్నాలుగు నిమిషాలు. పదిహేనోది లేదు,” అన్నాడు చీఫ్.

టేబుల్ మీద ఒక మడతచాకు ఫొటో ఉంది. నల్లటి పిడి, అరచేతిలో ఇమిడిపోయే సైజు. పిడి రేకు కింద మైక్రోఫిల్మ్ ఉంది. అందులో శత్రుదేశంలో పనిచేస్తున్న మన ఏజెంట్లు ఇరవై ముగ్గురి పేర్లున్నాయి. ఆ చాకును మోస్తున్న కొరియర్ కోడ్ నేమ్ సిగార్. సాయంత్రం అయిదింటి ఫ్లైట్‌లో అతను ఎగిరిపోతే, మర్నాడు ఆ ఇరవై మూడు ఇళ్ళ తలుపులూ ఎవరో తడతారు.

“చాకు కొట్టేస్తే సరిపోదా సార్?” అన్నాడు ఎదురుగా ఉన్న ఏజెంట్.

“కొట్టేస్తే పేర్లు మళ్ళీ తెప్పించుకుంటారు. అందులో మన దొంగ ఫిల్మ్ పెట్టాలి. వాడికి అనుమానం రాకూడదు. మూడింటికి హోటల్లో స్టీమ్ బాత్‌కి వెళ్తాడు, పద్నాలుగు నిమిషాలే ఉంటాడు. కోటు లాకర్లో ఉంటుంది. చాకు విప్పు, ఫిల్మ్ మార్చు, బిగించు. నీ హస్తవాసి మాకు తెలిసిందేగా!”

డిపార్ట్‌మెంట్‌లో అతని ముద్దుపేరే హస్తవాసి. తాళమైనా సేఫ్ అయినా అతని చెయ్యి పడితే నోరు తెరవాల్సిందేనని ప్రతీతి.

“లోపల మన మనిషెవరు?”

“సంపంగి.”

హస్తవాసి చాకు ఫొటోని బోర్లా తిప్పాడు.

మూడేళ్ళ కిందట కూడా ఇలాంటి చాకే. విప్పాడు, బిగించాడు. ఒక వాషర్ తివాచీలో పడి దొరకలేదు. ఆ, అదేం చేస్తుందిలే అనుకున్నాడు. బ్లేడు ఊగింది. ఊగే బ్లేడును చూసిన శత్రువులు ఆ గది తాళం ఎవరిచ్చారో కూపీ లాగి సంపంగిని పట్టుకుపోయారు. ఎనిమిది నెలలు నేలమాళిగలో పెట్టారు. హస్తవాసి రిపోర్టులో వాషర్ ఊసే లేదు. ‘సహాయకురాలి కంగారు వల్ల అనుమానం వచ్చింది’ అని రాశాడు. అతనికి ప్రమోషన్, పతకం; ఆమె ఫైల్లో ఎర్ర ఇంకు గీత. సంపంగి నోరు విప్పకుండా బయటపడి, శత్రువుల నమ్మకాన్నే తిరిగి సంపాదించి డబుల్ ఏజెంట్‌గా నిలబడింది. సొంతవాళ్ళ దగ్గర మాత్రం ఆ గీత చెరగలేదు. తలుచుకున్నప్పుడల్లా హస్తవాసికి తల కొట్టేసినట్టుండేది. అయినా నోరు పెగల్లేదు.

మూడింటికి అతను స్టీమ్ బాత్ పనివాడి తెల్ల యూనిఫామ్‌లో, పెట్టుడు మీసంతో కారిడార్‌లో నిలబడ్డాడు. ఆకుపచ్చ సిల్క్ గౌను, నల్ల కళ్ళద్దాలు, మోచేతుల దాకా గ్లవ్స్‌తో సంపంగి వచ్చింది.

“తువ్వాళ్ళు పొడిగానే ఉన్నాయా?”

“ఎండ కాసిన రోజున ఉంటాయి.”

కోడ్ సరిపోయింది. ఆమె కుడిచేతి గ్లవ్‌లో రెండు వేళ్ళు వంగవని అతనికి తెలుసు. ఆ చేతివంక చూడలేకపోయాడు.

ఆమె బయట కాపలా ఉంది. అతను దొంగతాళంతో లాకర్ తెరిచి, బల్లమీద చేతిరుమాలు పరిచాడు. వర్క్‌షాప్ మేస్త్రి ఒకటే పాఠం చెప్పేవాడు: “విప్పినవి విప్పిన వరసలో ఎడం నుంచి కుడికి పెట్టు. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకి రా. మధ్యలో తెలివి వాడకు.” పిడి స్క్రూలు రెండు, ఇరుసు స్క్రూ, పిడి రేకు, స్ప్రింగ్, వాషర్, బ్లేడు, ఇంకో వాషర్. ఫిల్మ్ మారింది. తొమ్మిది నిమిషాలు గడిచాయి. మొదటి వాషర్ పెట్టి, బ్లేడు పెట్టి, రెండోది తీశాడు. కందిబద్దంత ఇత్తడి బిళ్ళ. చెమటపట్టిన వేళ్ళలోంచి జారి, లాకర్ల కిందకి దొర్లిపోయింది.

వాషర్ లేకుండా ఇరుసు స్క్రూ గట్టిగా బిగిస్తే ఊగడం కనబడదు. కానీ బ్లేడు బిగుసుకుపోతుంది. కోటు తొడుక్కోగానే బొటనవేలితో చాకు విదిలించి సిగార్ కొన కొయ్యడం ఆ మనిషికి అలవాటు. తేడా తెలిస్తే అతను మొదట పట్టుకునేది తనను ఇక్కడికి తీసుకొచ్చిన సంపంగినే. ఇదంతా తెలిసి కూడా హస్తవాసి చెయ్యి అప్పటికే స్క్రూడ్రైవర్ అందుకుంది. ఆ చెయ్యిని చూసి అతనికే అసహ్యం వేసింది.

స్క్రూడ్రైవర్ కింద పెట్టి, కారిడార్ తలుపు తీశాడు.

“వాషర్ పోయింది. లాకర్ల కింద పడింది. సంపంగీ... అప్పుడు కూడా ఇదే జరిగింది. నీ తప్పు కాదు. నేనే...”

“తెలుసు. నీ రిపోర్టు చదివాను.”

“ఎప్పుడు?”

“రెండేళ్ళయింది. ఎప్పటికైనా నువ్వే చెప్తావేమోనని చూశా. ముందు పక్కకి జరుగు.”

జడపిన్ను తీసి, సిల్క్ గౌనుతోనే తడి నేలమీద మోకాళ్ళూని లాకర్ల కింద గీరింది. చొక్కా గుండీ వచ్చింది, వెంట్రుకల ఉండ వచ్చింది, ఆఖరికి వాషర్ వచ్చింది. లోపల ఆవిరి బుసబుస ఆగింది. సిగార్ దగ్గు వినబడింది.

వాషర్, స్ప్రింగ్, రేకు, స్క్రూలు. ఇరుసు బిగించి, పావు చుట్టు వదులు చేశాడు. చాకు పక్కకి వంచితే బ్లేడు తన బరువుకి తనే జారింది, ఊగలేదు. కోటు జేబులో పడేసి లాకర్ మూశాడో లేదో, ఆవిరిగది తలుపు తెరుచుకుంది.

సిగార్ కోటు తొడుక్కుని చాకు విదిలించాడు. ఆగాడు. మళ్ళీ విదిలించాడు.

“ఏమైంది డార్లింగ్?” అంది సంపంగి.

“ఇంత తడిలో కూడా బిగుసుకోలేదు చూశావా? మా దేశం సరుకంటే అదీ!” అని సిగార్ కొన కోసి, తడి తువ్వాలు హస్తవాసి మొహాన విసిరి వెళ్ళాడు.

అయిదింటికి ఫ్లైట్ లేచింది. దొంగ ఫిల్మ్‌లో ఉన్నవి శత్రువుల గూఢచారి సంస్థలోనే ఇరవై మూడు పెద్ద తలకాయల పేర్లు.

“నన్ను క్షమించు,” అన్నాడు హస్తవాసి, ఎయిర్‌పోర్ట్ బయట.

“నాకెందుకు చెప్తావ్? నా ఫైలుకి చెప్పు,” అని సంపంగి కారెక్కేసింది.

రాత్రి కాకముందే అతను మూడేళ్ళ కిందటి వాషర్ సంగతంతా రెండు పేజీలు రాసిచ్చాడు. చీఫ్ చదివి కళ్ళద్దాలు తీశాడు.

“సంతకం పెడితే ప్రమోషన్ ఊడుతుంది. పతకం కూడా వెనక్కివ్వాలి. ఇంకోసారి ఆలోచించుకో.”

“మూడేళ్ళు ఆలోచించాను సార్.”

సంపంగి ఫైల్లో ఎర్ర గీత చెరిపేశారు. ఇక పతకం అప్పగించడమే మిగిలింది. అదేమో అత్తగారి అద్దాల బీరువాలో, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ కనబడేలా ఉంది.

“పతకం తీస్తున్నావేం బాబూ? ఇంతకంటే పెద్దది ఇస్తున్నారా?” అంది అత్తగారు సంబరంగా, కాఫీ తెచ్చి.

ఆరు భాషల్లో తడుముకోకుండా అబద్ధాలాడగల హస్తవాసి ఆవిడకి ఒక్క నిజం చెప్పేలోగా, ఆ కాఫీని రెండుసార్లు వెచ్చబెట్టాల్సి వచ్చింది.