సుగుణ సమాధికి సున్నం

సమాధుల పండుగ పొద్దున కమలమ్మ వాకిట్లో కూర్చొని సున్నం కలుపుతోంది. బోధన్‌లోని ఆ ఇంటికి రెండో భార్యగా వచ్చినప్పటి నుంచీ ఈ పని ఆమెదే. హనోకు మొదటి భార్య సుగుణ సమాధికి ఏటా ఆమే సున్నం వేస్తుంది, రాతి మీది అక్షరాలకు నల్లరంగు దిద్దుతుంది.

చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన హనోకు అరుగు మీద చాయ్ తాగుతూ, కూరగాయల సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"రేపు వకీలు తాన్కి పోతున్న. ఇల్లు మోజెస్ పేర వీలునామా రాస్త."

కమలమ్మ చెయ్యి ఆగింది. మోజెస్ సుగుణ కొడుకు. నిజామాబాద్‌లో ఉంటాడు.

"మరి నేను?"

"నీకేం? వాడు సూసుకుంటడు."

"సూసుకోకుంటె?"

"ఈ ఇల్లు నిన్ను చేసుకోకముందే కట్టిన. నా కష్టం. నా ఇష్టమొచ్చినోళ్లకు రాయొచ్చని వకీలే చెప్పిండు. నువ్వొచ్చినప్పుడు ఏం దెచ్చినవ్? ఒక్క రేకుపెట్టె!"

"గా పెట్టె గూడ పెండ్లికి ముందుదే. అది నాదే గదా మరి? పోయేటప్పుడు దీస్కపోత."

"పొద్దుగాల్నే లొల్లి వెట్టకు."

కమలమ్మ మళ్లీ సున్నం కలపసాగింది. మొదటి భర్త పోయినప్పుడు, ఇందల్వాయిలోని అత్తవారింటి నుంచి ఆ పెట్టెతోనే బయటికొచ్చింది. అప్పుడు తన వెనక తలుపు వేసుకున్న చప్పుడు ఆమెకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంటుంది.

సమాధుల దగ్గరికి మోజెస్, అతని భార్య ఆశా పూలతో వచ్చారు. కమలమ్మ సున్నం బకెట్టు హనోకు కాళ్ల ముందు పెట్టి, కుంచె అతని చేతికిచ్చింది.

"ఏందిది?"

"గీ సమాధి గూడ నేను రాకముందుదే. దీంట్ల నాకేం హక్కున్నది? నువ్వే వెయ్యి."

"జనం సూస్తున్నరు, కమలా!"

"సూడనియ్. అక్క పక్కపొంటి జాగ నీకు వెట్టుకున్నవ్. నాకు ఇంట్ల లేదు, ఈడ లేదు. నన్నేడ వెడ్తవ్?"

హనోకు వంగబోయాడు. మోకాళ్లు సహకరించలేదు. కుంచె జారి కిందపడింది.

"ఏమైంది చిన్నమ్మా?" మోజెస్ అడిగాడు. కమలమ్మ వీలునామా మాట చెప్పింది. అతను తండ్రి వైపు తిరిగాడు.

"బాపూ, చిన్నమ్మ బతికినన్ని దినాలు ఇల్లు ఆమెదేనని రాయి. తర్వాతనే నాకు. గట్ల రాయకుంటె నాకొద్దే వద్దు."

"నాకే నేర్పుతున్నవారా?"

"మా అమ్మ మొఖం నాకు యాదికి లేదు. ఇన్ని సమాధులల్ల అమ్మదేదో, చిన్నమ్మ ఏసిన సున్నం జూసే గుర్తువడ్త."

ఆశా తల దించుకుని కళ్లు తుడుచుకుంది. హనోకు రాయి వైపు చూస్తూ అన్నాడు. "సరే. గట్లనే రాస్త."

కమలమ్మ కుంచె తీసుకుని కూలబడింది. రాయి కనబడనంతగా కళ్లలో నీళ్లు. ఉండటానికి చోటు దొరికింది. కానీ ఆమె అడిగింది భర్తను, ఇచ్చింది కొడుకు.

"కమలా..." హనోకు పిలిచాడు. ఆమె తల ఎత్తలేదు.

తనే సున్నం వేసి, అది ఆరాక సన్న కుంచె నల్లరంగులో ముంచి, 'సుగుణ, హనోకు భార్య' అన్న అక్షరాలను ఎప్పటిలాగే, గీత దాటకుండా దిద్దింది.