సున్నాలు దాటేసిన మగ్గం

అంగారకుడి మీద ఆవకాయ ఊరదని పందెం కాసినవాడి నోట్లో ఎర్రమన్ను పడి ముప్పయ్యేళ్ళు దాటింది. ఇప్పుడక్కడి కొత్త వేటపాలెంలో ప్రతి ఇంటా ఒక జాడీ, జాడీ పక్కన ఒక పలుకుపెట్టె. మనిషి బతికుండగా మెడలో వేసుకున్న మాటలబిళ్ళ ఆ మనిషి మాటలన్నీ పట్టి ఉంచుతుంది. పోయాక వాటిని పెట్టెలోని నాడీజాలానికి, అంటే న్యూరల్ నెట్‌వర్క్‌కి, నేర్పుతారు. కోడలు వంటింట్లోంచి "ఉప్పు సరిపోయిందా అత్తయ్యా?" అని అడిగితే, ఏనాడో భూమ్మీద పోయిన అత్తగారు "చాల్లేదు" అంటుంది. ఏ గ్రహం మీదైనా అత్తగారు అత్తగారే.

చిక్కల్లా ఆలస్యం. ఉగాదినాడు అడిగితే జవాబు అట్లతద్దికి వచ్చేది. పచ్చడి బూజు పట్టాక ఉప్పు సంగతి తెలిసి ఏం లాభం?

ఈ ఆలస్యాన్ని చంపాలని పంతం పట్టినావిడ చిప్పుల ఇంజనీరు వకుళ. ఉప్పు కోసం కాదు. ఆవిడ భర్త రంగనాథం వేటపాలెంలో, అంటే అసలు వేటపాలెంలో, మగ్గాలు బాగుచేసేవాడు. ఆయన గుండె రాకెట్టుకు పనికిరాదని డాక్టర్లు తేల్చారు. ఆవిడకేమో అంగారకుడి ప్రయోగశాల నుంచి పిలుపు. "వెళ్ళనా?" అని అడిగితే ఆయన చేతిలోని నూలుకండె కింద పెట్టి, చాలాసేపు ఊరుకుని, "వెళ్ళిరా" అన్నాడు. ఆవిడ వెళ్ళింది. ఆవిడ అక్కడుండగానే ఆయన పోయాడు, ఆయన మాటలబిళ్ళ మాత్రం ఆవిడకి చేరింది. ఊరుకున్న ఆ కాసేపూ ఆయన మనసులో ఏముంది? ఆవిడకి కావలసిన జవాబు అదొక్కటే.

నాడీజాలం ఎంత గొప్పగా మాట్లాడినా లోపల చేసే చాకిరీ ఒకటే, మాత్రికల, అంటే మాట్రిక్సుల, గుణకారం. అడ్డవరస అంకెల్ని నిలువువరస అంకెలతో గుణించి కూడటం, కోట్లకొద్దీ సార్లు. పాత చిప్పు ఒక్కో అంకె కోసం మెమరీ దాకా పరిగెత్తేది, పెళ్ళిపంక్తిలో ఒక్కో గారెకీ వంటశాలకు పోయివచ్చే వడ్డనవాడిలాగ. వకుళకి భర్త మగ్గం గుర్తొచ్చింది. పైనుంచి పడుగులా ఒక మాత్రిక, పక్కనుంచి పేకలా ఇంకొకటి. పోగులు కలిసిన ప్రతిచోటా ఒక బుల్లి గుణకం. అది గుణించి, కూడి, మొత్తాన్ని తన దగ్గరే ఉంచుకుని, అంకెల్ని పక్క గుణకానికి అందిస్తుంది. ఎవరూ వంటశాలకు పోనక్కర్లేదు. దానికి గుణకమగ్గం అని పేరు పెట్టింది.

అట్లతద్దికి వచ్చే జవాబు అరగంటకి దిగింది. అప్పుడు ఆవిడతో పనిచేసే బట్టతల మస్తాన్రావుకి ఇంకో ఆలోచన వచ్చింది.

"అక్కా, ఈ మాత్రికల్లో ముప్పాతిక మువ్వీసం సున్నాలే. సున్నాతో ఏం గుణించినా సున్నాయే గదా! ఆటిక్కూడా కరెంటు తగలెయ్యడం దేనికి? దాటేద్దాం."

"మాట చెడదూ?"

"ఏం చెడుద్ది? మా ఆవిడ కాపీలో పంచదారెంతో సున్నాలో సారం అంత!"

దాటేశారు. ఆ దెబ్బకి మగ్గం ఎంత జోరందుకుందంటే, ప్రశ్న గడప దాటకముందే జవాబు ఎదురొచ్చేదట. అడగాల్సింది మర్చిపోయినవాళ్ళకి కూడా జవాబొచ్చిందని మస్తాన్రావు చెప్పేవాడు. మీరు సగం నమ్మండి, చాలు.

వకుళ మొదటి చిప్పుని ఇంటికి తెచ్చి రంగనాథం పలుకుపెట్టెలో బిగించింది. కిటికీలో అంగారకుడి పొద్దు నీలంగా కుంగుతోంది.

"ఏవండీ."

"ఏమే వకుళా వచ్చావా ఏం తిన్నావు ఆ గడ్డమీద చలెక్కువంటగా!"

అదే గొంతు. ఆవిడ కళ్ళు తుడుచుకోవడానికి కూడా సందు దొరకలేదు.

"ఆ రోజు, 'వెళ్ళిరా' అనేముందు అంతసేపు ఎందుకు ఊరుకున్నారండీ?"

"నేనెక్కడ ఊరుకున్నాను? అడగ్గానే చెప్పాగా వెళ్ళిరమ్మని!"

 మర్నాడు వకుళ ప్రయోగశాలలో ఆ రోజు మాటల అంకెలు తెరిచింది. ఆవిడ అడిగిన "వెళ్ళనా"కీ ఆయనన్న "వెళ్ళిరా"కీ నడుమ బారులు తీరి ఉన్నవన్నీ సున్నాలే.

"మస్తానూ, మాట లేనిచోట పడేది సున్నాయే. ఆయన ఊరుకున్నదంతా ఇదిగో, ఇక్కడుంది. మనం దాటేసింది దీన్నే."

మస్తాన్రావు బట్టతల నిమురుకున్నాడు. "మళ్ళీ పెడితే నెమ్మదిగా ఆడుద్దక్కా. ఇన్నేళ్ళ కష్టం!"

"ఆడనీ."

సున్నాలు తిరిగొచ్చాయి. మగ్గం మరీ అట్లతద్ది దాకా పోలేదు గానీ, మనిషి నడకకి వచ్చింది. ఆ సాయంత్రం వకుళ పొయ్యిమీద అన్నం పడేసి, అదే ప్రశ్న మళ్ళీ అడిగింది.

పెట్టె పలకలేదు. అన్నం ఉడుకుపట్టింది. పెట్టె పలకలేదు. ఆ ఊరుకోవడం ఆవిడకి తెలుసు. కండె కింద పెట్టిన చెయ్యి, తలెత్తని ముఖం, అన్నీ అందులో ఉన్నాయి. పక్కన మనిషి కూర్చున్నట్టే ఉంది. గంజి పొంగి పొయ్యిమీద పడ్డా లేవలేదు.

చివరికి ఆయన ఊపిరి తీసుకున్న చప్పుడు. గొంతు సవరించుకున్నాడు. ఇక మాట రాబోతోంది.

వకుళ చటుక్కున మీట నొక్కి పెట్టెని ఆపేసింది.

మర్నాడు మస్తాన్రావు వాకిట్లోనే పట్టుకున్నాడు. "ఏమన్నాడక్కా బావ?"

"ఇంకా చెప్పలేదు."

ఆ మర్నాడూ అదే అడిగాడు, అదే విన్నాడు. ఇప్పటికీ రోజూ పొద్దు నీలం తిరిగే వేళకి ఆవిడ అన్నం పడేసి ఆ ప్రశ్న అడుగుతుంది. ఆయన గొంతు సవరించుకోగానే మీట నొక్కుతుంది.

మస్తాన్రావుకి జాలేసింది. "పోనీ, ఇంకాస్త జోరు పెంచి పెట్టమంటావా అక్కా?"

"దాన్ని ముట్టుకున్నావంటే చేతులు విరుగుతయ్యి," అంది వకుళ. "ఆయన్ని ఆలోచించుకోనీ."