కవరా, కార్డు ముక్కా

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభాల నీడలో, ఒక టిఫిన్ సెంటరుకు సరిగ్గా రెండంతస్తుల పైన, విశ్వవిఖ్యాత నెట్‌వర్కింగ్ విద్యాపీఠం ఒకటి విలసిల్లుతోంది. విశ్వవిఖ్యాతమన్న సంగతి దాని బోర్డే చెబుతుంది; బోర్డును కాదనడానికి మనమెవరం? అందులో ల్యాబ్ గురుపీఠాన్ని అధిష్ఠించినవాడు దశరథ. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, ఎల్బీనగర్‌లో తల్లి సైదమ్మతో కిరాయికుంటున్న ఇరవై ఎనిమిదేళ్ళవాడు. గళ్ళ చొక్కాలంటే ప్రాణం.

ఆనాటి పాఠం ప్రాక్సీ.

“మీ కంప్యూటర్ మాట నేరుగ అవతలికి పోదు. నడుమ ఇంకో మెషిన్ అందుకొని ముందటికి పంపుతది. గదే ప్రాక్సీ. ఎన్‌క్రిప్షన్ మన ఇష్టం. పెడితే కవర్ల పెట్టిన ఉత్తరం. పెట్టకపోతే కార్డు ముక్క, నడుమ ఎవరైన చదవొచ్చు. ఇయ్యాల కార్డే. నడుమ ఏం పోతున్నదో గోడ మీద చూపిస్త.”

ఈ మహోపదేశం ముగిసిన రెండు నిమిషాలకు విద్యార్థిని నాగేశ్వరి వానలో సగం తడిసి వచ్చింది. పక్కవాళ్ళకు ఒక సందేశం పంపడమే అభ్యాసమని తెలుసుకుని, పక్కనున్న గ్రేస్‌కు పంపింది.

ప్రొజెక్టర్ దాన్ని శిలాశాసనమంత అక్షరాలతో గోడకెక్కించింది: ‘పాఠం బాగుంది. సార్ చొక్కా మాత్రం దుప్పటి కోసి కుట్టించినట్టుంది.’

పద్నాలుగు మంది నవ్వారు. గ్రేస్ కింద పడని పెన్ను కోసం బల్ల కింద వెతకసాగింది.

“పరాయివాళ్ళ ఉత్తరాలు చదవడం కూడా సిలబస్సేనా సార్?” అంది నాగేశ్వరి లేచి నిలబడి.

“కార్డని ముందే చెప్పిన మేడం.”

“నేను రాకముందు చెప్పారు.”

“మీరు లేటుగొస్తే నా తప్పా?”

“లేటు వాన తప్పు. చొక్కా మాత్రం మీ తప్పే.”

ఈ మహావైరం సుదీర్ఘంగా తొమ్మిది రోజులు సాగింది. పదో రోజున ఇద్దరూ ఒకే మెట్రో పెట్టెలో ఎక్కారు. అతడు దిగేదీ ఎల్బీనగర్‌లోనే, ఆమె మీర్‌పేట్ ఆటో పట్టేదీ అక్కడే. అటుపైన రోజూ అదే పెట్టె. చైతన్యపురి వచ్చేసరికి పాఠంలో ఆమె సందేహం తీరేది. విక్టోరియా మెమోరియల్ దాటేసరికి సైదమ్మ చేతి సర్వపిండి రుచి మీద చర్చ మొదలయ్యేది. అంతలో ఎల్బీనగర్ ఏ మాత్రం న్యాయం లేకుండా వచ్చేసేది.

కోర్సు ఇక ఒక్క రోజుందనగా, రైలు కదిలాక నాగేశ్వరి అంది: “ఆదివారం నాన్నగారు ఒంగోలు వాళ్ళకి మాటిస్తున్నారు.”

“ఏం మాట?”

“నా పెళ్ళి మాట.”

“మీకిష్టమేనా?”

“ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మీరే మొదలు.” ఆమె కిటికీ వైపు తిరిగింది. అతడు ఇంకేదైనా అంటాడని మూడు స్టేషన్లూ ఎదురుచూసింది. అతడు తలుపు మీది స్టేషన్ల పట్టికను మూడుసార్లు చదివాడు.

శనివారం నాడు, చివరి రోజు పునశ్చరణలో మళ్ళీ ప్రాక్సీ వంతు వచ్చినప్పుడు, ఆచార్యుడు, నోటికి ధైర్యం చాలనందున, తన శాస్త్రాన్ని ఆశ్రయించాడు. తన మెషిన్‌లో ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసి, ప్రాక్సీ మీదుగా ఆమెకు తన హృదయాన్ని రవాణా చేశాడు. అది ఆమె తెర మీదా, గోడ మీదా తలాతోకా లేని గుర్తుల గుట్టగా వచ్చి పడింది.

నాగేశ్వరి లేచి అతని బల్ల దగ్గరకు వచ్చింది. “రెండు కొసల్లోనూ ఆన్ చేస్తేనే చదవగలమని చెప్పింది మీరే కదా సార్? నా వైపు ఆఫ్‌లోనే ఉంది.”

ఏ తప్పుకు ఆరు బ్యాచీలను మందలించాడో, ఆ తప్పే. దశరథ చెవులు ఎర్రబడ్డాయి.

“ఏముంది ఇందులో?”

“ఏం లేదు. టెస్టింగ్.”

“ఇంత పొడుగు టెస్టింగా?” ఆమె గొంతు తగ్గించింది. “రేపే ఆదివారం. ఎన్‌క్రిప్షన్ తీసేసి మళ్ళీ పంపండి.”

ప్రొజెక్టర్ వెలుగుతూనే ఉంది. దాని స్విచ్ చేతికందేంత దూరంలోనే ఉంది. ఆమె తన చోటికి వెళ్ళి కూర్చునేలోగా దశరథ అటు చెయ్యి చాచాడు. మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. టైపు చేశాడు.

‘నాగేశ్వరీ, మీకిష్టమైతే ఆ మాట నాకియ్యమని మీ నాయినగారిని అడుగుత.’

పద్నాలుగు తలలు ఒక్కసారిగా గోడకేసి తిరిగాయి. గుమ్మం దగ్గర ఒక గొడుగు టప్ టప్‌మని కారుతోంది. గొడుగు వెనక సాంబమూర్తి గారు, రిటైరైన పోస్ట్‌మ్యాన్, వాన పడుతోందని కూతుర్ని తీసుకువెళ్ళడానికి వచ్చినవారు, కళ్ళజోడు సవరించుకుని గోడను సావధానంగా చదువుతున్నారు.

నాగేశ్వరి తండ్రిని చూసింది. చూసి కూడా జవాబు కొట్టింది.

‘ఇష్టమే. ఆ చొక్కా తప్ప.’

సాంబమూర్తి గారు దాన్నీ చదివారు. గొడుగు ముడిచి నెమ్మదిగా లోపలికి వచ్చారు.

“ముప్పై రెండేళ్ళు ఉత్తరాలు పంచాను బాబూ. కవరన్నది ఏనాడూ విప్పి చూడలేదు. కార్డు మాత్రం చదవకుండా ఎవరికీ ఇచ్చింది లేదు.” గోడ వైపు గొడుగు చూపించారు. “ఇది కార్డే కదూ?”

“కార్డే సార్,” అన్నాడు దశరథ లేచి నిలబడి.

“అయితే నేను చదవడంలో తప్పు లేదు.” ఆయన కూతురి వైపు తిరిగారు. “దీన్ని అడగాలని నాకు తోచనే లేదు. ఒంగోలు వాళ్ళకి ఫోన్ చేసి చెబుతాను. రేపు మీ పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని మా ఇంటికి రండి.”

గుమ్మం దాకా వెళ్ళి ఆయన వెనక్కి తిరిగారు.

“ఆ చొక్కా మాత్రం వేసుకు రాకండి.”