బంగాళాఖాతంలో జానెడు ఎత్తు

భవానీపురం రేవులో స్నానం చేసి మెట్లెక్కుతున్న సైంటిస్టు వెంకటప్పయ్య గొంతు కోసేశారు. పక్కవాళ్లకు అరుపు కూడా వినిపించలేదు. ఆయన సంచీలోని సీడీ మాయమైంది. అది 2002, మే నెల.

గంట తర్వాత ఏజెంట్ నవాజ్ చీఫ్ అంకమ్మరావు ముందున్నాడు.

"ఉపగ్రహం రాడార్‌తో సముద్రం ఎత్తు కొలుస్తుంది నవాజ్. వేడినీళ్లు సుడి తిరిగే చోట మట్టం జానెడు పైకి లేస్తుంది. దాని కింద దాక్కుంటే సబ్‌మెరైన్, శబ్దంతో వెతికే సోనార్‌కి దొరకదు. మనది ఇప్పుడు అలాంటి సుడి కిందే ఉంది. ఆ సుడుల మ్యాపే సీడీలో ఉందయ్యా. అది శత్రువుకి చేరితే మనవాళ్లు దొరికిపోతారు."

ఆ సబ్‌మెరైన్‌లో నవాజ్ తమ్ముడు అఫ్రాజ్ ఉన్నాడు. నవాజ్‌కి భయం వేసింది. అంతకు మించి కోపం వచ్చింది.

"ఆ మ్యాపుని పామర్రు రైస్‌మిల్లు నుంచి మధ్యాహ్నం పంపేస్తారు సార్," అంది నాగవేణి. సీడీ కొట్టేసిన విదేశీ ముఠాలో మనవాళ్లు చేర్పించిన మనిషి. ఆమె నవ్విందంటే ఆఫీసులో సగం ఫైళ్లు కదలవు. "గేటు దగ్గర 'ఆటా, పోటా' అని అడుగుతారు నవాజ్‌గారూ. 'ఆటు' అనండి."

చీరల వ్యాపారి వేషంలో, చీరల మూటతో, బట్టలు కొలిచే ఇనప మీటరు కడ్డీతో నవాజ్ కంకిపాడు దాటి పామర్రు మిల్లుకు చేరాడు.

"ఆటా, పోటా?" అన్నాడు కాపలావాడు.

"ఆటండీ."

కాపలావాడు పిస్తోలు తీశాడు. నాగవేణి కావాలనే తప్పు కోడ్ ఇచ్చిందని నవాజ్‌కి అర్థమైంది.

"పోనీ, పోటు," అంటూ కడ్డీ కొనలోని కత్తిని వాడి పక్కటెముకల మధ్య దించాడు.

రెండోవాడు గొడ్డలితో వచ్చాడు. నవాజ్ వాడి చెయ్యి విరిచి, తిరుగుతున్న మిల్లు బెల్టులోకి తోశాడు. ఆ కేక వినలేక తనే చెవులు మూసుకున్నాడు.

డాబా మీద డిష్, లాప్‌టాప్, వాటి ముందు నాగవేణి. అతనికన్నా ముందే కారులో వచ్చేసింది. తెర మీద మ్యాపు తొంభై ఒకటి శాతం వెళ్లిపోయింది.

"అందులో మా తమ్ముడున్నాడు నాగవేణీ!"

"తెలుసండీ," అని కాల్చింది.

తూటా భుజంలోంచి దూసుకుపోయింది. తొంభై ఎనిమిది. నవాజ్ డిష్‌ని వాటేసుకుని, స్టాండుతో సహా పెరికి, డాబా అంచు దాటి దూకేశాడు. కేబుల్ నాగవేణి కాలికి చుట్టుకుని ఆమెనూ లాక్కుపోయింది. అతను ధాన్యం బస్తాల మీద పడ్డాడు. ఆమె సిమెంటు కళ్లం మీద పడింది, మళ్లీ లేవలేదు.

పైన లాప్‌టాప్ తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. చివరి ముక్క లేకుండా ఆ ఫైలు ఎవరికీ తెరుచుకోదు.

నెల తర్వాత విశాఖ నుంచి అఫ్రాజ్ ఫోన్ చేశాడు. తన అన్న నిజంగానే చీరల వ్యాపారి అని అతని నమ్మకం.

"ఒకటే బోరు భాయ్. చేప కూడా పలకరించలేదు. నీకేం, ఊళ్లో హాయిగా ఉన్నావు."

తమ్ముడి గొంతు వినగానే నవాజ్ కళ్లు చెమర్చాయి. కట్టు కట్టిన భుజం కదలకుండా రిసీవర్ రెండో చేతికి మార్చుకున్నాడు.

"ఏం హాయి లేరా. బేరాల్లేక ఈగలు తోలుకుంటున్నా."